ఐదో లెవెలు

కాశీబుగ్గలో జీడి బట్టీ వెనక
రేకుల షెడ్డు, దండాసి మాస్టారి కంప్యూటర్ సెంటరు.
గంటకి పది రూపాయలు. చెప్పులు బయట.
మూడు మిషన్లలో ఒకటి ఎప్పుడూ మూలుగుతుండేది,
ఆటల సీడీ దానికే పట్టేది.

తెర మీద ఒక జంతువు.
ఉడతందామంటే తోక చాలదు, కుందేలందామంటే చెవులు చాలవు.
నీలం టోపీ, ముందుకి రెండు పళ్ళు.
ఏ దేశపుదో, మేం మాత్రం పళ్ళోడన్నాం.
గాల్లో వేలాడే పలకల మీద అంకెలు.
ఏడూ ఐదూ ఎంతని అడిగేవాడు, ఇంగ్లీషులో, ముక్కుతో.
పన్నెండు మీదికి దూకితే పలక ఆగేది.
పదమూడు మీదికి దూకితే
పళ్ళోడు బుడుంగుమని మునిగి
టోపీ ఒక్కటే తేలేది.
'ట్రై ఎగైన్' అని ఎక్కణ్ణుంచో వాడి గొంతే.

గుంటలమంతా పడ్డవాళ్ళమే.
బెండి చిట్టిగాడైతే కావాలని పడేవాడు,
ఆ టోపీ కోసమే పది రూపాయలు కట్టేవాడు.

పప్పు పని దిగి అమ్మ నా కోసం వచ్చేది.
గుమ్మం దాటేది కాదు.
చేతులకి బూడిద, గోళ్ళలో జీడి నలుపు.
"నాను ముట్టుకుంటే పాడైపోద్ది బావూ."
ఒక సాయంత్రం మాస్టారే కుర్చీ లాగేడు.
"రా దాలమ్మా, బాణం మీటలతో నడిపించు,
ఈ పొడుగు మీట నొక్కితే దూకుతాది."

అమ్మకి ఇంగ్లీషు రాదు, తెలుగు సంతకం వరకే.
కానీ రెండొందల పది, రెండొందల నలభై, మూడొందల ఇరవై,
పప్పు రకాల్ని చూపుతోనే వేరుచేసే మనిషి.
పళ్ళోడు నోరు తెరిచేలోగా దూకించేసింది.
ఒకటో లెవెలు. రెండు. మూడు.
వెనక గుంటలు ఒకళ్ళ భుజాలమీద ఒకళ్ళు.
నాలుగు.
ఐదులో ఏడెనిమిదుల దగ్గర
సీడీ గీరుకుంది.
పళ్ళోడు గాల్లోనే ఆగిపోయాడు,
రెండు కాళ్ళూ ఎత్తి, టోపీ కాస్త పైకి లేచి.

అమ్మ మీట నొక్కుతూనే ఉంది.
"నాను తప్పు సెప్పలేదు కదేటి?"
"లేదు దాలమ్మా, సీడీకి గీత పడింది."
ఆ గీతని ఆ తర్వాత కూడా ఎవరూ దాటలేదు.
మాస్టారు డబ్బులు పుచ్చుకోలేదు.
మర్నాడు అమ్మ కొంగున కట్టి
గుప్పెడు జీడి బద్దలు తెచ్చిచ్చింది.

తిత్లీ గాలికి ఆ రేకులు ఎటు పోయాయో.
మాస్టారు ఇచ్ఛాపురంలో సెల్లు రీచార్జీలు చేస్తున్నాడని విన్నాను.

మొన్న రేషన్ డిపో దగ్గర
మిషను అమ్మ బొటనవేలిని ఒప్పుకోలేదు.
ఊదింది, చీరకి తుడిచింది, రాతికి రుద్దింది.
"మల్లీ ఎట్టు" అన్నాడు డీలరు,
తలెత్తకుండా, నాలుగుసార్లు.
జీడి సొన ఎప్పుడో తినేసింది ఆ గీతల్ని.
ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

ఆ రాత్రి వెతికాను.
ఎవరో మహానుభావుడు దాచిన పాత ఆట,
గీరుకోని ఫైలు.
ల్యాప్‌టాప్ అమ్మ ఒళ్ళో పెట్టాను.
పొడుగు మీట ముద్ర అడగలేదు.
వేలు తగిలింది, పళ్ళోడు లేచాడు,
ఇరవయ్యేళ్ళ తర్వాత
యాభయ్యారు మీద దిగాడు.

అవతల ఏముంది?
ఒక పాక, ఒక జెండా.
పళ్ళోడు టోపీ ముఖాన కప్పుకొని
గడ్డిలో పడుకున్నాడు. అంతే.

"ఇంతేనేటి?" అంది అమ్మ.
"పడుకోడానికా ఇన్నాళ్ళు గాల్లో ఉన్నాడు!"
నేను మూత వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"ఒలే, మొదట్నుంచి మల్లీ ఎట్టు.
ఒకపాలి పడేద్దాం ఆడ్ని నీల్లలోకి.
మీరంతా నవ్వేవోరు కదా,
ఆ టోపీ ఎలగ తేల్తాదో
నాను సూడనేలేదు."